గోడ మీది గద్యం

తెలుగులో మగవాడి శరీరం గురించి బహుశా ఎక్కువమంది చదివిన వచనానికి రచయిత పేరు లేదు. రైల్వే గేటు పక్క గోడ మీద, బస్టాండు మూత్రశాల తలుపు వెనక ఉంటుంది. నరాల బలహీనత, శీఘ్రస్ఖలనం, అంగం చిన్నది కావడం, హస్తప్రయోగం, స్వప్నస్ఖలనం అంటూ ఒక జాబితా. కింద లాడ్జి పేరు, రూము నంబరు, డాక్టరుగారు వచ్చే తేదీలు.

దీన్ని వచనంగానే చదివి చూడండి. క్రియలుండవు. ఉన్న నేర్పంతా కామాలో ఉంది. శీఘ్రస్ఖలనం కొందరికి నిజంగా వైద్యం కావలసిన సమస్య. స్వప్నస్ఖలనం అసలు సమస్యే కాదు, హస్తప్రయోగమూ అంతే. రెంటి మధ్యా ఒక్క కామా పెట్టేసరికి అన్నీ జబ్బులైపోయాయి. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఫీచర్లనీ బగ్గులనీ ఒకే లిస్టులో పెట్టి అన్నిటికీ బిల్లు వేయడం.

ఈ ప్రకటనలు చట్టవిరుద్ధం కూడా. లైంగిక సామర్థ్యం పెంచుతామనే మందుల ప్రకటనల్ని నిషేధిస్తూ 1954లోనే కేంద్రచట్టం వచ్చింది. డెబ్భై ఏళ్లు దాటినా గోడకి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

ఆ జాబితాకి దన్నుగా నిలిచే మాట ‘ధాతువు’. ఆయుర్వేదంలో సప్తధాతువులు రసంతో మొదలై రక్తం, మాంసం మీదుగా శుక్రంతో ముగుస్తాయి, ఒకదాన్నుంచి ఇంకొకటి. నలభై రక్తపుబొట్లకి ఒక వీర్యపుబొట్టు అని హాస్టల్లో చెప్పుకునే లెక్క ఈ వరసలోంచే దిగినట్టుంది. వీర్యంలో ఎక్కువ భాగం ప్రొస్టేట్, దాని పక్కనుండే గ్రంథులు చేసే ద్రవం. వీర్యకణాల తయారీ రోజూ సాగుతూనే ఉంటుంది. దాచుకుంటే పెరిగే డిపాజిట్ కాదది. ధాతువు పోతోందని కుంగిపోయే మగవాళ్ల స్థితికి మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టాడు. వాళ్ల నీరసం నటన కాదు. చాలామందిలో దాని వెనక ఉన్నది దిగులు, ఆందోళన.

గోడకి జవాబు రాలేదా అంటే వచ్చింది. స్వాతి వీక్లీలో డాక్టర్ సమరం గారు దశాబ్దాల పాటు ఈ సందేహాలకే ఓపిగ్గా సమాధానాలిచ్చారు. మన సాహిత్య చర్చల్లో ఆ శీర్షిక పేరెత్తితే నవ్వుతారు గానీ, సైన్సుని వాడుక తెలుగులో చెప్పిన వచనంగా దానికి ఇవ్వాల్సిన గౌరవం మనం ఇవ్వలేదు. కాకపోతే ఆ శీర్షిక అడిగినవాడికి జవాబు చెబుతుంది. గోడ అడగనివాడితో మాట్లాడుతుంది. అదే దాని బలం.

సినిమా సంగతి త్వరగా ముగిస్తాను. అంగం చిన్నదన్న భయమే కథగా 2021లో ‘ఏక్ మినీ కథ’ వచ్చింది. ఎన్నుకున్నందుకు మెచ్చుకోవాలి, కానీ టైటిల్లోనే కన్ను కొట్టేసింది. ఆ భయానికి జోకు కంటే ఒక అంకె ఎక్కువ పనికొస్తుంది. పదిహేను వేలమందికి పైగా మగవాళ్ల కొలతల్ని కలిపి 2015లో ఒక వైద్యపత్రిక ప్రచురించింది. స్తంభించినప్పటి సగటు 13 సెంటీమీటర్లు. పోర్న్ చూసి వేసుకున్న అంచనాకి చాలా దిగువన.

ఇంతకీ నన్ను అన్నిటికంటే ఆపిన మాట ‘నరం’. సెలైన్ పెట్టడానికి నర్సు వెతికేదీ మనకి నరమే, అది రక్తనాళం. మెడ పట్టేస్తే లాగేదీ నరమే, అది చాలాసార్లు కండరం. నడుంలోంచి కాల్లోకి పాకే నొప్పీ నరమే, మూడింట్లో నిజంగా నెర్వ్ అదొక్కటే. ‘నరాల బలహీనత’ ఈ మసకలోనే బతుకుతోంది. అంగస్తంభనకి సంకేతం నెర్వులదే అయినా, పని జరిగేది రక్తప్రవాహంతో. అక్కడి ధమనులు గుండె ధమనులకంటే సన్నవి. అందుకని షుగరూ కొవ్వూ చేసే నష్టం కొందరిలో ముందు అక్కడే బయటపడుతుంది, ఛాతీనొప్పికి ఏళ్ల ముందే. నలభై ఐదేళ్ల మనిషికి అది గుండె పంపిన మొదటి కబురు కావచ్చు. అతను గోడ మీద ‘నరాల బలహీనత’ అని చదువుకుని, తేదీ చూసుకుని లాడ్జి మెట్లెక్కుతాడు. అక్కడ బీపీ, షుగరు చూస్తారని మాత్రం గోడ మీద ఎక్కడా రాసి లేదు.