పొలంలో జింక, ఫ్రేములో తీగ

సి.బెళగల్ నుంచి ఎమ్మిగనూరు, అక్కడి నుంచి ఆదోని. ఈ దారిలో కెమెరా సంచి తగిలించుకుని బైకు మీద తిరిగే కుర్రాళ్లకు కృష్ణజింక కొత్తేమీ కాదు. పడమటి కర్నూలు నల్లరేగడిలో దానికి వేరే అడవి అంటూ లేదు. పొలమే మేత, పొలమే పడక. రైతు తిట్టుకుంటాడు, ఫొటో తీసేవాడు మురిసిపోతాడు. తీసిన ఫొటోను నలుగురికి చూపిస్తే రెండు రకాల మాటలు వస్తాయి. ‘సూపర్ అన్నా’ అనేది ఒకటి. ‘ఎనక కరెంటు తీగ లేకుంటే ఇంకా బాగుండు కదబ్బా’ అనేది రెండోది. మొదటి మాటతో తీసినవాడు నేర్చుకునేది ఏమీ లేదు. రెండోది విని తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది.

తోటివాడి బొమ్మను ముందు పెట్టుకుని మంచిచెడ్డలు మాట్లాడుకోవడం కెమెరా క్లబ్బుల్లో పాత అలవాటు. లండన్‌లో రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ 1853లోనే పుట్టింది. మన దేశంలో ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీ 1953లో ఏర్పడింది. మనవాళ్లు బతుకుతెరువుకు బస్సెక్కే బెంగళూరులో యూత్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ 1971 నుంచి ఉంది. వన్యప్రాణి ఫొటోల్లో దేశమంతా పేరు పొందిన టి.ఎన్.ఎ. పెరుమాళ్ ఆ ఊళ్లోనే ఓ.సి. ఎడ్వర్డ్స్ దగ్గర మెళకువలు నేర్చుకున్నాడు, తర్వాత తానూ ఎందరికో గురువయ్యాడు. క్లబ్బు పోటీల్లో ప్రింటును వెలుతురు కింద నిలబెడతారు గానీ తీసినవారి పేరు బయటపెట్టరు. అప్పుడు మాట మనిషికి తగలదు, బొమ్మ దగ్గరే ఆగుతుంది. మన ఊళ్లలో ఆ వెసులుబాటు లేదు. ఎవరి ఫొటో ఏదో అందరికీ తెలుసు. పైగా ఆ మనిషి మన బావమరిదో, మన పిల్లలకు పాఠం చెప్పే అయ్యవారో అయి ఉంటాడు.

అందుకని మాట్లాడే వరసే మార్చుకోవాలి. అమెరికాలో లిజ్ లెర్మన్ అనే నృత్య దర్శకురాలు 1990లో ఒక పద్ధతి తయారుచేసింది. నాట్యానికని పుట్టినా ఫొటోకూ చక్కగా పనికొస్తుంది. చూసినవాళ్లు ముందు తమ మనసుకు తగిలినదేమిటో చెప్పాలి. తర్వాత ప్రశ్న వేసే వంతు తీసినవాడిది: ‘మంద ఎక్కువైందా, ఒక్క పోతునే చూపించాల్సిందా?’ ఆ తర్వాతే చూసినవాళ్ల ప్రశ్నలు, వాటిలో తీర్పు దాగి ఉండకూడదు. ‘ఎందుకింత దూరం నుంచి తీశావు?’ అంటే తీర్పు. ‘ఎంత దూరంలో ఉన్నావు?’ అంటే ప్రశ్న. సొంత అభిప్రాయం ఆఖర్న, అదీ ‘ఒక మాట చెప్పనా?’ అని అడిగి. మరీ లాంఛనంగా ఉందనిపించవచ్చు. కానీ ఆ మూడో మెట్టు దాటకుండా ఇచ్చిన సలహాల్లో సగం గాలికి పోతాయని నా నమ్మకం.

జింక ఫొటో మసకగా వచ్చిందనుకుందాం. ‘చెయ్యి కదిలింది’ అంటాడొకడు, ‘మంచి లెన్సు కొను’ అంటాడు ఇంకొకడు. లక్ష రూపాయల సలహా ఇవ్వడానికి నోరు చాలు! ఎన్ని గంటలకు తీశావని ఎవరూ అడగరు. మధ్యాహ్నం పన్నెండుకు అయితే చేతిదీ కాదు, లెన్సుదీ కాదు తప్పు. ఎండకు కాగిన నల్లనేల మీద వేడిగాలి అలలలా లేస్తుంది. దాని గుండా రెండు వందల మీటర్ల అవతలి జింకను తీస్తే ఎంత ఖరీదైన లెన్సయినా మసకే చూపిస్తుంది. పొద్దు పొడిచే వేళకు వెళ్లమనడం, దగ్గరికి వచ్చేదాకా కదలకుండా కూర్చోమనడం అసలైన సలహా. అప్పుడైతే పోతు ఒంటి నలుపులో వెంట్రుకలూ కనిపిస్తాయి, కడుపు తెలుపూ పాలిపోదు. గెంతే జింక కాళ్లు చెదిరాయంటే విషయం వేరు. అక్కడ షట్టరు వేగం అడగాలి. సెకనులో 250వ వంతు చాలదు, 2000వ వంతు దాకా పోవాలి.

ఇక తీగ సంగతి. పోటీల్లోని ప్రకృతి విభాగానికి అంతర్జాతీయ క్లబ్బులు ఉమ్మడిగా పెట్టుకున్న నిర్వచనం కఠినమైనది. అంచులు కత్తిరించవచ్చు, వెలుగునీడలు సరిచేయవచ్చు, కానీ ఫొటోలో ఉన్నదాన్ని చెరపకూడదు, లేనిది అతికించకూడదు. ‘తీగను చెరిపెయ్యబ్బా’ అన్న స్నేహితుడు తెలియకుండానే ఆ ఫొటోను పోటీ నుంచి తప్పించే పని చెబుతున్నాడు. పోనీ తీగను అలాగే ఉంచితే, మనుషుల కట్టడాలు ప్రకృతి కథలో భాగమైతేనే ఒప్పుకుంటామని అదే నిర్వచనం అంటుంది. పత్తి సాళ్ల మధ్య, స్తంభాల కింద బతికే జింకకు అవి కథలో భాగం కావా? నా మటుకు నాకు అవే కథ. ‘నేపథ్యం శుభ్రంగా ఉండాలి’ అనేది పెద్ద అడవుల్లో తీసిన బొమ్మలు చూసి నేర్చుకున్న పాఠం. దాన్ని ఇక్కడికి తెచ్చి రుద్దితే జింకకూ రైతుకూ నడుమ ఉన్న పంచాయితీ ఫ్రేము బయటే ఉండిపోతుంది. తీగ ఉందా లేదా అని కాదు, అది జింక తల మీదుగా పోయిందా, పక్కకు జరిగిందా అని చూడాలి. రెండడుగులు ఎడమకు జరిగితే సరిపోయేదేమో.

యాత్రా ఫొటోల్లో చిక్కు ఇంకో రకం. ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా లెక్క ప్రకారం యాత్రా ఫొటో ఒక నేల తీరును ఉన్నదున్నట్టు చూపాలి. మనుషులను పురమాయించి, కూర్చోబెట్టి తీసింది చెల్లదు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో, నేతగాణ్ణి ఇటు తిరుగు, నవ్వు అంటూ తీసిన ఫొటోలో ముఖం వెలుగుతుంది, పని ఆగిపోతుంది. మగ్గం గుంటలో కాళ్లేవి, నాడె ఎటు పోతోంది అని అడిగితే చాలు, రెండోసారి వెళ్లినప్పుడు తీసేవాడి చూపు కిందికి దిగుతుంది. దేవరగట్టు బన్ని ఉత్సవం ఫొటోల దగ్గర మెచ్చుకోలే ఎక్కువ చెరుపు చేస్తుంది. దసరా రాత్రి దివిటీల వెలుగులో కర్రలు లేస్తాయి, తలలు పగులుతాయి. రక్తం కనిపించిన ఫొటోకే చప్పట్లు కొడితే మరుసటేడు అందరూ రక్తం కోసమే వెళతారు. మాళ మల్లేశ్వరుల విగ్రహాల కోసం అంత జనం ఎందుకు తలపడుతున్నారో ఏ ఫొటోలోనూ కనపడదు.

ఒక్క రకం ఫొటోకు మాత్రం వెలుతురు, కూర్పు అంటూ మాట్లాడటమే నాకు ఇష్టం ఉండదు: గూటి ఫొటో. తీతువు పిట్ట నేల మీది గుంటలోనే గుడ్లు పెడుతుంది. మనిషి దగ్గర నిలబడితే తల్లి లేచిపోతుంది. వేసవిలో తుంగభద్ర ఒడ్డున ఆ గుడ్లు ఎండకు ఎంతోసేపు తట్టుకోలేవు. చాలా పోటీలు గూటి ఫొటోలను ముందే వద్దంటాయి. అలాంటిది ఎవరైనా తెచ్చి చూపిస్తే అడగాల్సింది ఒకటే: నువ్వు అక్కడ ఎంతసేపు ఉన్నావు, తల్లి ఎప్పుడు తిరిగొచ్చింది?