సొట్ట మూత డబ్బా

శ్రమల కాలం వచ్చేసరికి అనంతపురంలో ఎండలు ముదురుతాయి. భస్మ బుధవారం మొదలు ఈస్టరు ముందు రోజు దాకా, ఆదివారాలు వదిలేస్తే నలభై రోజుల ఉపవాస కాలం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడినా పడకపోయినా అడిగే దిక్కులేని నేల ఇది. చెనిక్కాయ ఎండిన ఏడు ఇక్కడ పూట ఎగ్గొట్టడం భక్తి కాదు, గతిలేక. ఇంట్లో సంగటి పెట్టుకొని తినకపోవడం ఎందుకని చిన్నప్పుడు మా అవ్వను అడిగాను.

అవ్వ జవాబు చెప్పలేదు. శుక్రవారం పొద్దున పొయ్యి రాజేయకుండా చాట ముందేసుకొని బియ్యంలో రాళ్లు ఏరింది. ఆ పూట ఎసట్లో పడాల్సినవి కొలిచి, మూత సొట్టపోయిన రేకు డబ్బాలో పోసింది. అరచేతికి అంటిన నూకలు కూడా అందులోకే దులిపింది. సాయంత్రం ప్రార్థనయ్యాక డబ్బాను కొంగు చాటున పెట్టుకొని వెళ్లి, ఖాళీగా తెచ్చింది. ఎవరింటికో చెప్పలేదు.

"ఆకలయితాందా నాయనా? కానీలే. ఆ ఇంట్లో పిల్లోల్లకు రోజూ అయితాది" అంది, అంతే.

ఉపవాసమున్నప్పుడు ముఖం కడుక్కొని తలకు నూనె రాసుకోమన్నాడు యేసు, కొండమీది ప్రసంగంలో. శుక్రవారాల్లోనే అవ్వ నున్నగా తల దువ్వుకునేది ఎందుకో చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు.

ఇప్పుడు గోడల మీద ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థనల పోస్టర్లు చూస్తుంటాను. ఉద్యోగం, వీసా, సంతానం. కష్టంలో దేవుణ్ణి అడగడం తప్పనను. కానీ ఉపవాసం రోజునే కూలోళ్లను పీడించేవాళ్లను యెషయా 58వ అధ్యాయంలో ప్రవక్త నిలదీస్తాడు. ఆకలిగొన్నవాడికి నీ అన్నం పెట్టడమే దేవుడు కోరిన ఉపవాసం అంటాడు.

ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకొని జనానికి కూలి చూపించాడు. అన్నం కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎదుటివాడి ఆకలిని ఎరగా వాడుకోకపోవడం కూడా ఉపవాసమే అని నా నమ్మకం.

ఆ డబ్బా ఇప్పుడు నా దగ్గరుంది. పోయిన శుక్రవారం బియ్యం పోశాను. ఏ ఇంటికి పట్టుకుపోవాలో తట్టలేదు. ఇరవై ఏళ్లుగా ఉంటున్న వీధి ఇది. డబ్బా చంకన పెట్టుకొని, చెప్పులేసుకొని బయటికి నడిచాను.