గంజి కోసమేనా ఈ దేవుడు?

'గంజినీళ్ల కోసం మతం మారిన్రు' అనే మాట మాల మాదిగ క్రైస్తవులకు కొత్తది కాదు. అనేవాళ్లు 1876-78 నాటి కరువును సాక్ష్యానికి తెస్తారు. ఒంగోలు ప్రాంతపు మాదిగ బోధకుల నోట విని ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ 1899లో ఇంగ్లీషులో అచ్చు వేయించిన 'వైల్ సోయింగ్ శాండిల్స్' (చెప్పులు కుడుతూ అని అర్థం) ఈ మాటకు జవాబుగా చదవదగ్గ పుస్తకం. అమరచింత వైపు వాళ్లకూ ఇది పరాయి చరిత్ర కాదు. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనే పాలమూరు, గద్వాలకూ వచ్చింది. 1937లో ఇక్కడి పనిని మెన్నోనైట్ బ్రదరన్ మిషన్‌కు అప్పగించింది.

ముందు తేదీలు చూద్దాం. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు దాకా పోయి సువార్త విన్న మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నది 1866లో. అంటే కరువుకు పదేళ్ల ముందు. అంతకుముందే ఆయన రాజయోగ గురువుల దగ్గర దేవుణ్ణి వెతికినవాడు. దొర వచ్చి నేర్పేదాకా మాదిగలకు ఆత్మచింతన లేదనడం అబద్ధం. ఇక కరువులో జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం గుత్తకు తీసుకున్నాడు. మాదిగలు తవ్వారు, కూలి తీసుకున్నారు. అది ధర్మం గంజి కాదు, చెమటకు వచ్చిన కూలి. ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. కూలిపని ముగిశాక 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గంజి లెక్కతో దీన్ని ఎట్లా తేలుస్తారు?

వాళ్ల సంతోషం ఎక్కడిదంటే, ఊరి బయట నిలబెట్టిన మనిషి మాటకు విలువ రావడంలో ఉంది. చెప్పులు కుడుతూ తన కథ తాను చెప్పుకున్నాడు, విన్నవాడు ఇంకో వాడకు మోసుకుపోయాడు. కడుపు కాలుతున్న రోజుల్లో బతుక్కి ఒక పని దొరికింది. మేము దీన్నే విశ్వాసం అంటున్నాం.

పుస్తకంలో లోపాలు లేకపోలేదు. మాదిగలను ఒక 'తెగ' అంటుంది. చచ్చిన గొడ్డు మాంసం మానడం, దేవర్ల ముందు డప్పు మానడం క్రైస్తవానికి గుర్తులుగా చూపుతుంది. వెట్టి డప్పును కాదనడం తిరుగుబాటే. కానీ డప్పునే పాపం చేయడం వేరు. అదే ప్రకాశం జిల్లా ఈదుమూడిలో 1994లో పుట్టిన దండోరా ఆ డప్పును తిరిగి భుజానికెత్తుకుని ఈ తేడాను చూపించింది.

రాజ్యం కూడా గంజి లెక్కే వేసింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది. క్రైస్తవులు ఇప్పటికీ బయటే ఉన్నారు. తెలుగు రాష్ట్రాల్లో వాళ్లను బీసీ-సిలో పెట్టారు. శిలువ పట్టుకుంటే వాడ మారదు, బావి దగ్గర చూపు మారదు.

చర్చి పెద్దలకూ ఒక మాట. వలసపోయే పాలమూరు కూలీకి పరలోకపు ఓదార్పు ఒక్కటే ఇచ్చి పంపిస్తే పేరయ్య దారి తప్పినట్టే. విశ్వాసం ఇచ్చే సంతోషాన్ని దళిత ఉద్యమం గేలి చేయొద్దు. చర్చి దాన్ని నిద్రమందుగా వాడొద్దు. హోదా కోసం, కూలి కోసం జరిగే పోరాటంలో ఆ సంతోషానికి చోటుండాలని మేము కోరుతున్నాం.