బ్రామ్స్ మొదటి సింఫనీ: ఆగిన చెయ్యి, సాగిన చెయ్యి

యొహానెస్ బ్రామ్స్ మొదటి సింఫనీ నాలుగో భాగంలో, వయొలిన్లు సన్నగా వణుకుతూ ఉండగా హార్న్ ఒక పాట ఎత్తుకుంటుంది. ఆల్ప్స్ కొండల్లో పశువుల కాపరులు ఊదే పొడవాటి కొమ్ముబూర పాట అది. వినేవాళ్లకు ఒక్కరే ఒక్క ఊపిరిలో ఊదుతున్నట్టుంటుంది. స్కోరు తెరిచి చూస్తే అక్కడ ఇద్దరున్నారు. మొదటి హార్న్ దీర్ఘస్వరం పట్టి ఊపిరి తీసుకోవలసిన చోట రెండో హార్న్ అదే స్వరాన్ని అందుకుంటుంది. ఆ అతుకు చెవికి దొరకదు. మనిషి ఊపిరికి హద్దుంది, పాటకు మాత్రం ఆ హద్దు తెలియకూడదు అనుకున్నాడు బ్రామ్స్. అంత పట్టింపు ఉన్న మనిషి పని ఎందుకు ఆలస్యమవుతుందో ఈ కొద్ది స్వరాల్లోనే అర్థమవుతుంది.

ఈ పాటను ఆయన 1868 సెప్టెంబరు 12న స్విట్జర్లాండ్ నుంచి తన మిత్రురాలు, పియానిస్టు క్లారా షూమన్‌కు పుట్టినరోజు పలకరింపుగా రాసి పంపాడు. అది సింఫనీలో చేరి జనం చెవిన పడేసరికి 1876 నవంబరు వచ్చింది. అసలు సింఫనీ రాయాలన్న మొదటి ప్రయత్నం నుంచి లెక్కిస్తే ఇరవై ఏళ్లు దాటాయి.

ఆలస్యానికి మూలం ఒక మెచ్చుకోలు. 1853లో క్లారా భర్త, స్వరకర్త రాబర్ట్ షూమన్ తన పత్రికా వ్యాసంలో ఇరవై ఏళ్ల బ్రామ్స్‌ను రాబోయే కాలపు సంగీతకారుడిగా లోకానికి చూపించాడు. ఆ మాట నిలబెట్టుకోవాలంటే సింఫనీ రాయాలి. సింఫనీ అంటే జర్మన్ దేశాల్లో అప్పటికి బీథోవెన్. 1854లో మొదలుపెట్టిన డి మైనర్ సింఫనీ నిలవలేదు, అందులో కొంత మొదటి పియానో కాన్సర్టోకు పోయింది. తంత్రీ క్వార్టెట్లు ఇరవై దాకా రాసి పారేశానని ఆయనే చెప్పుకున్నాడు. వెనకాల ఒక మహాకాయుడి అడుగుల చప్పుడు వింటూ సింఫనీ ఎలా రాయగలనని మిత్రుడు హెర్మన్ లెవీతో అన్నాడంటారు.

1862లో మొదటి భాగం చిత్తుప్రతి క్లారాకు అందింది. ఈనాడు మనం వినే ఆరంభం అందులో లేదు, నేరుగా వేగమైన అల్లెగ్రోతో మొదలయ్యేది. నా దృష్టిలో ఈ సింఫనీ పనితనమంతా ఆ తర్వాత చేర్చిన ఆ ఆరంభంలో కనపడుతుంది. టింపనీ, కింది బాసులు ఆధార షడ్జాన్ని పట్టుకుని కదలవు. టింపనీ దెబ్బ ఒకే లయలో పడుతూనే ఉంటుంది. దానిమీద వయొలిన్లు అర్ధస్వరాల మెట్లమీదుగా పైకి పాకుతుంటే, ఊదే వాద్యాలు ఎదురుగా కిందికి దిగుతాయి. ఒకదాన్నొకటి లాగుతున్న ఆ రెండు దారుల మధ్య శ్రోత ఇరుక్కుంటాడు. అల్లెగ్రోకు ఇదే విత్తనమనిపిస్తుంది. నిజానికి అల్లెగ్రో ముందు పుట్టింది, దాని సరుకుతోనే ఈ ఆరంభాన్ని తర్వాత కట్టాడు. ముందుకు కదలాలన్న కోరిక, కదలనివ్వని బరువు రెండూ అక్కడ ఒకేసారి వినిపిస్తాయి. ఇన్నేళ్ల తటపటాయింపును ఆయన దాచలేదు, పని సరుకుగా వాడుకున్నాడని నేను నమ్ముతాను.

ట్రాంబోన్ల సంగతి కూడా చెప్పాలి. మొదటి మూడు భాగాల్లో వాటికి ఒక్క స్వరం లేదు. వాయించేవాళ్లు దాదాపు అరగంట చేతులు కట్టుకుని కూర్చుంటారు. నాలుగో భాగంలో హార్న్ పాట ముగిశాక, చర్చి కీర్తనలాంటి నెమ్మది వరుసతో వాటి గొంతు మెల్లగా విచ్చుకుంటుంది. చివర్లో అదే వరుస ఆర్కెస్ట్రా అంతటి బలంతో తిరిగొస్తుంది.

ఇంతకూ ఆ చెయ్యి ఎలా సాగింది? ప్రమాణం తగ్గించుకుని కాదు. చిన్న పనులు పట్టుకున్నాడు. 1873లో హైడన్ పేరుతో ఉన్న ఒక ఇతివృత్తం తీసుకుని ఆర్కెస్ట్రాకు వేరియేషన్లు రాశాడు. ఇతివృత్తం తనది కాదు, ఒక్కో వేరియేషన్ చిన్నది. ఒకదానిలో ఏ వాద్యం ఎలా పలికిందో చూసుకుని ఇంకోదానికి వెళ్లవచ్చు. అదే ఏడు రెండు క్వార్టెట్లను చింపకుండా అచ్చుకిచ్చాడు. సింఫనీని ఎదురుగా నిలబడి గెలవడానికి ముందు దాని పక్కనే ఉన్న పనులను ఒక్కొక్కటే ముగించడం నాకు చాలా గొప్పగా కనపడుతుంది.

ముగింపు విషయంలోనూ అదే తెలివి. మొదటి ప్రదర్శనను వియన్నాలో పెట్టలేదు. చిన్న ఊరు, మంచి మిత్రుడు, మంచి ఆర్కెస్ట్రా కావాలనుకుని కార్ల్స్‌రూలో ఆర్కెస్ట్రా నడిపే ఒట్టో డెస్సాఫ్ చేతికిచ్చాడు. 1876 నవంబరు 4న అక్కడ వినిపించినది తుదిరూపం కాదు. పలు ఊళ్లలో వాయించాక రెండో భాగాన్ని తిరిగి మలచి, 1877లో ప్రచురణకర్త జిమ్రాక్ ద్వారా అచ్చు వేయించాడు. ఇరవై దాకా క్వార్టెట్లను అచ్చుకివ్వకుండా నాశనం చేసిన మనిషి, ఇంకా దిద్దవలసినది ఉండగానే జనం ముందు పెట్టి, విని, దిద్దాడు. ఈ మార్పు చిన్నది కాదు.

బీథోవెన్ తొమ్మిదో సింఫనీతో చివరి భాగంలోని ప్రధాన వరుసకు పోలిక ఉందని ఎవరో అంటే, అది ఏ గాడిదకైనా తెలుస్తుందని కసిరాడట. పోలికను ఒప్పుకోవడానికి అప్పటికి ఆయనకు జంకు పోయింది.

ఆ 1877 వేసవిలోనే ఆస్ట్రియాలోని పెర్ట్‌షాఖ్ ఊళ్లో, సరస్సు ఒడ్డున రెండో సింఫనీ పట్టాడు. డిసెంబరు 30న వియన్నాలో హాన్స్ రిఖ్టర్ దాన్ని నడిపించాడు. ఈసారి ట్రాంబోన్లను కాచుకోబెట్టలేదు, మొదటి భాగంలోనే పలికించాడు.