హెలెన్ కెల్లర్ : మనము చదువని గ్రంథము

హెలెన్ కెల్లర్ కథ నెఱుగని విద్యావంతుల గృహము మనలో నరుదు. 1880లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున బుట్టి, 19 నెలల ప్రాయమున వ్యాధిచే చూపును, వినికిడిని గోలుపోయిన యా బాలిక, ఒక చేతిపై నీటిధార పడుచుండగా రెండవ చేతిపై గురువు వ్రాసిన యక్షరములవలన మాటయొక్క మహిమను గ్రహించెను. 1903లో ప్రకటితమైన ఆమె స్వీయచరిత్ర యీ ఘట్టమును నిరాడంబరముగ వర్ణించినది. అందు దోషమెన్న బనిలేదు. కాని యది కళాశాలలో చదువుకొనుచున్న యువతి వ్రాసిన గ్రంథము. ఆమె 1968 వఱకు జీవించెను. తరువాతి 65 ఏండ్ల కృషిని విడిచి, తొలి యధ్యాయమునే సంపూర్ణ చరిత్రముగ జెప్పుట మన పఠనమునందలి లోపము.

ఆమెను దెలిసికొనగోరువారు 1913లో వెలువడిన ‘ఔట్ ఆఫ్ ది డార్క్’ అను వ్యాససంపుటమును జదువవలెను. అందామె తన ధైర్యమును గూర్చి గాక, అంధత్వమునకు గల సాంఘిక కారణములను గూర్చి విచారించెను. ఆ కాలమున తల్లికి గల సెగరోగము ప్రసవసమయమున శిశువు కండ్లకు సోకి చూపును హరించుచుండెను. పుట్టినవెంటనే సిల్వర్ నైట్రేటు చుక్క వేసినచో దీనిని నివారింపవచ్చునని క్రెడే యను జర్మను వైద్యుడు 1880 ప్రాంతముననే చూపియుండెను. మందు కలదు, వెల స్వల్పము, అడ్డుపడినది లజ్జ. పెద్దలు నోరెత్త వెఱచిన యీ సంగతిని 1907లో ఆమె గృహిణులు చదువు పత్రికయందే వ్రాసెను. పిమ్మట కర్మాగారములలోని ప్రమాదములును, దారిద్ర్యమును అంధత్వమునకు హేతువులని వాదించి, సామ్యవాదమును స్వీకరించెను. అంతకుముందు ఆమెను గొనియాడిన ‘బ్రూక్లిన్ ఈగిల్’ పత్రికయే, ఆమె పొరపాటులకు అంగవైకల్యమే కారణమని వ్రాసినది. వికలాంగులు మనకు ధైర్యము నేర్పినంతవఱకు పూజ్యులు. మన తప్పు నెత్తిచూపిననాడు అసమర్థులు!

అయినను ఆమె వ్రాతలన్నియు నంగీకారయోగ్యములు కావు. 1915లో షికాగో నగరమున తీవ్రవైకల్యముతో బుట్టిన శిశువునకు శస్త్రచికిత్స చేయక, వైద్యుడొకడు మరణింపనిచ్చెను. ‘న్యూ రిపబ్లిక్’ పత్రికకు వ్రాసిన లేఖలో ఆమె యాతనిని సమర్థించి, ఇట్టి శిశువుల విషయమున వైద్యుల మండలి తీర్పు చెప్పవలెనని సూచించెను. సుఖము, తెలివి, శక్తి పొందగల యోగ్యతయే ప్రాణమునకు విలువ నిచ్చునని ఆమె వాదసారము. ఈ కొలతతో గొలిచినచో, గురువు రాకపూర్వము ఆఱేండ్ల హెలెనును ఏ మండలి బ్రతుకదగినదని తీర్పు చెప్పియుండును?

2006లో ఐక్యరాజ్యసమితి యామోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక ఈ కొలతను ద్రోసిపుచ్చినది. ఉపయోగముతో నిమిత్తము లేకయే జీవించుటకును, ఇతరులతో సమానమైన వైద్యము పొందుటకును వారికి హక్కు కలదని యది చెప్పుచున్నది. 2007లో భారతదేశమును దానిని ధ్రువపఱచినది. అయినను హక్కు కాగితముపై నున్నంత త్వరగా వైద్యశాలకు రాదు. ప్రపంచమున వికలాంగులు 130 కోట్లమంది కలరనియు, వారిలో కొందఱు ఇతరులకంటె 20 ఏండ్ల వఱకు ముందుగ మరణించుచున్నారనియు ప్రపంచారోగ్యసంస్థ 2022లో ప్రకటించినది. ఇందుకు వైకల్యమొక్కటే కారణము కాదు. చేరరాని వైద్యశాలలు, వైద్యుల యనాదరము, దారిద్ర్యము మున్నగు అన్యాయములు వారి యాయువును హరించుచున్నవి. 1913 నాటి గ్రంథమున కెల్లర్ చేసిన వాదమునకు ఇది దూరము కాదు.

కావున తలిదండ్రులును ఉపాధ్యాయులును నీటిధార కథతో నాగరాదు. ఆమె యెట్లు జయించెనని బాలబాలికలకు జెప్పుడు. వెంటనే, చూపు నిలుపగల మందు ఎవరికి అందకపోయెను, ఏల అందకపోయెను అనియు వారిచే నడిగింపుడు.