కాదు – లేదు: ఐఈఎల్‌టీఎస్ పఠన విభాగ సాధనపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

ఐఈఎల్‌టీఎస్ పఠన విభాగంలో అభ్యర్థులను ఎక్కువగా తడబెట్టేది ‘ఫాల్స్’, ‘నాట్ గివెన్’ అనే రెండు సమాధానాల మధ్య తేడా. ఈ తేడాకూ తెలుగులోని ‘కాదు’, ‘లేదు’ అనే వ్యతిరేక రూపాల భేదానికీ ఉన్న సామ్యాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భారతీయ ప్రమాణశాస్త్రంలోని అనుపలబ్ధి భావన ఆధారంగా ప్రస్తుత సాధన పద్ధతిలోని లోపాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: పఠనం, అవగాహన, అభావం, అనుపలబ్ధి, అర్థాపత్తి, అన్వయం

1. పరీక్ష స్వరూపం

విదేశాల్లో ఉన్నతవిద్యకూ వలసకూ వెళ్ళదలచినవారి ఇంగ్లీషు సామర్థ్యాన్ని కొలిచే ఐఈఎల్‌టీఎస్ పరీక్ష 1989 నుంచి అమలులో ఉంది. అకడమిక్ విధానంలోని పఠన విభాగంలో 3 పాఠ్యభాగాలు, 40 ప్రశ్నలు ఉంటాయి. పాఠ్యభాగాల మొత్తం నిడివి 2,150 నుంచి 2,750 పదాల వరకు ఉంటుంది. సమయం 60 నిమిషాలు. అంటే చదవడానికీ ఆలోచించడానికీ సమాధానం రాయడానికీ కలిపి ఒక్కో ప్రశ్నకు నిమిషంన్నర మాత్రమే దొరుకుతుంది. ఈ వ్యాసానికి దాదాపు రెట్టింపు నిడివి గల పాఠాన్ని, అదీ పరభాషలో, ఒక్క గంటలో చదివి 40 ప్రశ్నలకు జవాబు చెప్పడం సామాన్యమైన పని కాదు.

సాధారణంగా 30 సరైన సమాధానాలకు 7వ బ్యాండు లభిస్తుంది. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే ఈ పరీక్ష ద్వారా వచ్చేవారికి పఠనంలో కావలసింది ఈ 7వ బ్యాండే. 29 దగ్గర ఆగినవారు వేల రూపాయల రుసుము చెల్లించి మళ్ళీ పరీక్షకు కూర్చోవలసిన స్థితి ఏర్పడుతుంది. కనుక ఒక్క ప్రశ్న అనేది ఇక్కడ చిన్న విషయం కాదు. ఆ ఒక్క ప్రశ్న తరచుగా ఎక్కడ జారిపోతుందన్నదే ఈ వ్యాసం పట్టించుకున్న విషయం.

2. మూడు సమాధానాలు

పఠన విభాగంలోని ప్రశ్నారకాలలో ఒకటి, ఇచ్చిన వాక్యాన్ని పాఠంతో పోల్చి ‘ట్రూ’, ‘ఫాల్స్’, ‘నాట్ గివెన్’ అని నిర్ణయించడం. వాక్యం పాఠంతో ఏకీభవిస్తే మొదటిది, విరోధిస్తే రెండవది, పాఠంలో ఆ విషయమే లేకపోతే మూడవది. రచయిత అభిప్రాయాలకు సంబంధించిన ప్రశ్నలలో మొదటి రెండింటి స్థానంలో ‘యెస్’, ‘నో’ ఉంటాయి. విధానం స్పష్టంగానే కనిపిస్తుంది. చిక్కు ఆచరణలో వస్తుంది.

ఒక చిన్న పాఠాన్ని కల్పించుకొని చూడవచ్చు: “కాకతీయుల కాలంలో నిర్మించిన పెద్ద చెరువులు నేటికీ పొలాలకు నీరందిస్తున్నాయి. రామప్ప, పాకాల చెరువులు వాటిలో ప్రసిద్ధమైనవి.” దీనికి మూడు వాక్యాలు జతచేద్దాం. ఒకటి, పాకాల చెరువు నీరు ఇప్పటికీ సాగుకు ఉపయోగపడుతోంది. రెండు, కాకతీయుల నాటి పెద్ద చెరువులు ఇప్పుడు సాగుకు పనికిరాకుండా పోయాయి. మూడు, రామప్ప చెరువు కంటే పాకాల చెరువు పెద్దది.

మొదటిది ట్రూ, రెండవది ఫాల్స్. మూడవదాని విషయంలో ఓరుగల్లు ప్రాంతపు విద్యార్థి ఇబ్బందిపడతాడు. ఆ రెండు చెరువులనూ అతడు చూసి ఉంటాడు. ఏది పెద్దదో అతనికి ఒక అభిప్రాయం ఉంటుంది. ఆ అభిప్రాయం సరైనదే కావచ్చు కూడా. కాని పాఠం ఆ పోలిక చేయలేదు. సమాధానం ‘నాట్ గివెన్’. తెలిసినదాన్ని తెలియనట్టు పక్కన పెట్టగలగడం ఇక్కడ పాఠకుని నుంచి కోరుతున్న మొదటి నిగ్రహం.

మరొక సంగతి గమనించదగినది. మూడవ వాక్యంలోని రెండు పేర్లూ పాఠంలో ఉన్నాయి, పక్కపక్కనే ఉన్నాయి. లేనిది వాటి మధ్య సంబంధం మాత్రమే. శిక్షణ కేంద్రాలలో విరివిగా వినిపించే సూత్రం ఒకటుంది: ముందు ప్రశ్న చదవాలి, అందులోని కీలకపదాలకు గీత గీయాలి, ఆ పదాలను పాఠంలో వెతకాలి, దొరికినచోట సమాధానం ఉంటుంది. ఈ సూత్రాన్ని అక్షరాలా పాటించినవాడు మూడవ వాక్యం దగ్గర తప్పక మోసపోతాడు. పదాలు దొరికాయి కనుక విషయమూ దొరికిందనుకుంటాడు. మొదటి రెండు వాక్యాలలోనేమో పాఠంలోని మాటలు కొంత మారి కనిపిస్తాయి. ‘పొలాలకు నీరందించడం’ ‘సాగుకు ఉపయోగపడటం’ అయింది. అంటే ఏకీభావం ఉన్నచోట పదాలు మారాయి, ఏ సంబంధమూ లేనిచోట పదాలు యథాతథంగా ఉన్నాయి. పరీక్షా రచయితలు పదాల వేటను ఉద్దేశపూర్వకంగానే ఇలా ఓడిస్తారు. అయినా సాధన పేరుతో నెలల తరబడి జరుగుతున్నది ఆ వేటే.

3. కాదు, లేదు

తెలుగు మాతృభాషగా గలవారికి ఈ భేదం కొత్తది కానక్కరలేదు. ‘అవును’కు వ్యతిరేకం ‘కాదు’. ‘ఉంది’కి వ్యతిరేకం ‘లేదు’. “అది బావి కాదు” అన్నప్పుడు అక్కడ ఏదో ఒక వస్తువు ఉంది, దాన్ని బావి అనడం తప్పు. “అక్కడ బావి లేదు” అన్నప్పుడు వస్తువే లేదు. ఇంగ్లీషులో ఈ రెండు సందర్భాలకూ ‘ఈజ్ నాట్’ సరిపోతుంది. తెలుగు పిల్లవాడు మాటలు నేర్చే వయస్సులోనే ఈ రెండింటినీ వేరుచేస్తాడు.

‘ఫాల్స్’ అంటే “పాఠం చెప్పింది ఇది కాదు”. పాఠం ఆ విషయాన్ని తాకింది, మరోలా చెప్పింది. ‘నాట్ గివెన్’ అంటే “పాఠంలో ఇది లేదు”. మొదటిదానిలో విరోధం, రెండవదానిలో అభావం. ఈ ఒక్క మాట తరగతిలో తెలుగులో చెబితే సగం తికమక తొలగుతుంది. కాని ఇంగ్లీషు పరీక్షను ఇంగ్లీషులోనే బోధించాలన్న పట్టుదల వల్ల అభ్యర్థి తన భాషలో ఎప్పటినుంచో ఉన్న పనిముట్టును ఇంటి దగ్గరే వదిలి వస్తున్నాడు.

అయితే ఈ సామ్యానికి పరిమితి ఉంది. తెలుగులో ‘లేదు’ అస్తిత్వ నిషేధానికే కట్టుబడి లేదు. “అతడు రాలేదు” అన్నప్పుడు అది భూతకాల క్రియకు వ్యతిరేకార్థాన్ని ఇస్తుంది. “నిన్న వచ్చావా?” అన్న ప్రశ్నకు “లేదు” అన్న జవాబు ‘ఫాల్స్’ వంటిదే. కనుక ‘కాదు–లేదు’ జంటను యాంత్రికంగా అనువాద సూత్రంగా వాడకూడదు. అభ్యర్థి తనను తాను వేసుకోవలసిన ప్రశ్నను అది రూపొందిస్తుంది, అంతే: పాఠం దీన్ని కాదంటున్నదా, లేక పాఠంలో దీని ఊసే లేదా?

4. లేదని తెలియడం ఎలా?

అభావాన్ని తెలుసుకోవడం ఎలా అన్నది భారతీయ దర్శనాలలో పెద్ద చర్చ. భాట్ట మీమాంసకులూ అద్వైతులూ అనుపలబ్ధిని ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించారు. ప్రాభాకరులు అంగీకరించలేదు. అంగీకరించినవారు కూడా ఒక నిబంధన పెట్టారు. కనబడకపోవడం ఒక్కటే చాలదు. వస్తువు ఉండి ఉంటే తప్పక కనబడేదే అన్న యోగ్యత ఉండాలి. వెలుతురులో నేలపై కుండ కనబడకపోతే కుండ లేదని తెలుస్తుంది. చీకటి గదిలో కుండ కనబడకపోతే ఏమీ తెలియదు.

‘నాట్ గివెన్’ సాధనకు ఇంతకంటే కచ్చితమైన నియమం దొరకదు. ఒక విషయం పాఠంలో లేదని చెప్పాలంటే, అది ఉండి ఉంటే ఏ పేరాలో, ఏ వాక్యం దగ్గర ఉండేదో ముందు గుర్తించాలి. ఈ తరహా ప్రశ్నల క్రమం సాధారణంగా పాఠంలోని విషయక్రమాన్నే అనుసరిస్తుంది కనుక ముందు ప్రశ్నకూ తరువాతి ప్రశ్నకూ సమాధానాలు దొరికిన చోట్ల మధ్య భాగమే ఆ స్థలం. ఆ భాగాన్ని నిదానంగా, పూర్తిగా చదవాలి. అక్కడ కనబడకపోతేనే లేదనాలి. కళ్ళతో పైపైన తడుముతూ పోయేవాడికి కనబడకపోవడం చీకటిలో కుండ వంటిది. అతడు గుర్తించే ‘నాట్ గివెన్’ సరైనదైనా అది జ్ఞానం కాదు, అదృష్టం. జవాబుల పట్టికతో సరిచూసుకుంటే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇప్పటి సాధనలోని అసలు లోపం ఇదే. నమూనా పరీక్ష రాసి, మార్కులు లెక్కపెట్టుకొని, మరో నమూనాకు వెళ్ళే అభ్యర్థికి తాను ఎందుకు ఒప్పో ఎప్పటికీ తెలియదు.

ఊహకు ఎంతవరకు అవకాశముందన్నది ఇంకా సున్నితమైన ప్రశ్న. దేవదత్తుడు లావుగా ఉన్నాడు, పగలు భోజనం చేయడు. కనుక రాత్రి చేస్తాడు. మీమాంసకులు దీనిని అర్థాపత్తి అన్నారు. నైయాయికులు అనుమానంలోనే చేర్చారు. ఏ పేరైనా, ఇది పాఠంలో లేని వాక్యం. అయినా దీనిని ‘నాట్ గివెన్’ అనడం తొందరపాటు అవుతుంది. చెప్పిన రెండు మాటలూ నిలవాలంటే మూడవది తప్పనిసరి అయినప్పుడు అది చెప్పినదాని కిందికే వస్తుంది. దేవదత్తుడు రాత్రి రహస్యంగా తింటాడన్న వాక్యం మాత్రం ‘నాట్ గివెన్’. తినడం తప్పనిసరి, రహస్యం తప్పనిసరి కాదు. ఈ గీతను పట్టుకోవడం మార్కులు లెక్కపెట్టుకోవడం వల్ల రాదు, వాదించుకోవడం వల్ల వస్తుంది.

5. తెలుగు తరగతి, తెలుగు పరిశోధన

నిందనంతా శిక్షణ కేంద్రాలపై వేయడం న్యాయం కాదు. పద్యానికి ప్రతిపదార్థం రాయించే మన తరగతి, అన్వయక్రమాన్ని నేర్పినంత కాలం, పదాల మధ్య సంబంధాన్ని చూడటం నేర్పింది. తరువాత ప్రతిపదార్థం పోయి భావం మిగిలింది. భావం రాసేటప్పుడు పద్యంలో లేని నీతినీ కవి ప్రశంసనూ చేర్చిన విద్యార్థికి మార్కులు తగ్గకపోగా పెరుగుతాయి. పదేళ్ళు అలా రాసినవాడు ఇరవై ఏళ్ళ వయస్సులో ‘ఇది పాఠంలో లేదు’ అనడానికి వెనుకాడటం సహజం.

ఈ విషయం తెలుగు పరిశోధకులకు దూరమైనది కూడా కాదు. యూజీసీ నెట్ మొదటి పత్రంలో అవగాహన పాఠ్యభాగం ఉంది. అదే పత్రంలో తర్క విభాగం కింద అర్థాపత్తి, అనుపలబ్ధి సహా ఆరు ప్రమాణాలూ ఉన్నాయి. వాటి నిర్వచనాలు ఒకచోట కంఠస్థం చేసి, పాఠ్యభాగాన్ని మరోచోట కీలకపదాలతో వెతికే అభ్యర్థికి ఆ రెండూ ఒకే పత్రంలో ఎందుకున్నాయన్న ఆలోచన రాదు.

కావ్యపఠనం ఈ పరీక్షకు లోబడదన్న అభ్యంతరం సహజంగా వస్తుంది. ధ్వనివాదం ప్రకారం చెప్పనిదే కావ్యానికి ప్రాణం గదా అని అడగవచ్చు. నిజమే. కాని వ్యంగ్యం కూడా వాచ్యాన్ని ఆధారం చేసుకొనే పుడుతుంది. ఏ మాట వల్ల, ఏ సందర్భం వల్ల స్ఫురించిందో చూపలేని వ్యంగ్యం పాఠకుని సొంత రచన అవుతుంది. కావ్యంలో ‘లేదు’ అనడం ‘ఉంది’ అనడం కంటే కష్టం. నన్నయకు యుద్ధవర్ణనపై ఆసక్తి లేదని ఒక సిద్ధాంతవ్యాసం రాస్తుందనుకుందాం. నన్నయ ఆంధ్రమహాభారతంలో ఆది, సభాపర్వాలనూ అరణ్యపర్వంలో కొంత భాగాన్నీ మాత్రమే రచించాడు. కురుక్షేత్ర యుద్ధం అతని చేతికి రానేలేదు. కుండ ఉండవలసిన నేల అక్కడ లేదు. ఆదిపర్వంలో ద్రుపదునితోనూ అంగారపర్ణునితోనూ అర్జునుడు చేసిన పోరులు ఉన్నాయి, సభాపర్వంలో భీమ జరాసంధుల ద్వంద్వం ఉంది. నన్నయ ఆసక్తిని వెతకవలసిన స్థలాలు అవి.