సంధికి దెబ్బ తగిలిన నాడు

సంధి కుదుర్చుట యొక యెత్తు. దానికి దెబ్బ తగిలిన నాడు నిలుపుకొనుట యొక యెత్తు. ఈ రెండవ నేర్పు 2004వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ శాంతిచర్చలయందు ఇరుపక్షములకును కొరవడెనని మా యభిప్రాయము. తరతరములుగా ఎల్లలకావల స్థిరపడినవారమైనను, ఆ నేల మంచిచెడ్డలు మనకు పరాయివి కావు గనుక ఈ విమర్శకు పూనుకొంటిమి.

ఆ చర్చలు ఒక్కనాటి ప్రయత్నమున వచ్చినవి కావు. విశ్రాంత అధికారి ఎస్. ఆర్. శంకరన్‌గారు పెద్దగా, పౌరస్పందన వేదిక 1997 నుండి ప్రభుత్వమునకును నక్సలైట్లకును నడుమ రాయబారము నడపెను. 1987లో తూర్పుగోదావరి జిల్లా గుర్తేడు వద్ద శంకరన్‌గారిని బంధించినవారు నక్సలైట్లే. ఆ చేదును మనసున నుంచుకొనక, వారితో మాటలాడవలసినదేయని పట్టుబట్టిన పెద్దమనిషి ఆయన.

2004 అక్టోబరు 15 మొదలు నాలుగు దినములు ఇరుపక్షములవారును హైదరాబాదున ఎదురెదురుగా కూర్చుండిరి. భూపంపకమును గూర్చి మాటలు సాగెను. ఆయుధములతో పల్లెలలో తిరుగుటను గూర్చిన పేచీ మాత్రము తెగలేదు. 2005 జనవరిలో ఎదురుకాల్పులు జరిగెను. మావోయిస్టులు చర్చలనుండి తప్పుకొనిరి. ఆగస్టు 15న శాసనసభ్యుడు నర్సిరెడ్డిగారిని, మరికొందరిని నారాయణపేటలో చంపిరి. రెండు దినములకే ప్రభుత్వము నిషేధము విధించెను.

మేము గుమాస్తాగిరిలో తల నెరసినవారము. కచేరీకి ఫిర్యాదు వచ్చినచో ముందు దానికి నంబరు పడును, పిదప విచారణ, అటుపైన ఉత్తరువు. ఇచ్చటనో, ఫిర్యాదు పుట్టిన వెంటనే పత్రికా ప్రకటన యయ్యెను. మాట తప్పినదెవరో తేల్చుటకు, ఇరువురును తలయొగ్గునట్టి మూడవ మనిషి నిలువలేదు. రాయబారులకు గౌరవము దక్కెను గాని, తీర్పు చెప్పు అధికారము దక్కలేదు.

ఉత్తర ఐర్లండున 1998 ఏప్రిల్‌లో ఒడంబడిక కుదిరెను. ఆగస్టు 15న ఒమా పట్టణమున బాంబు పేలి 29 మంది మరణించిరి. అయినను నాయకులు ఒడంబడికను వీడలేదు. గూఢచర్యపు ఆరోపణల తగవుతో 2002లో మంత్రివర్గమే నిలిచిపోయెను. అట్టి దశయందును, ఎవరు హద్దు మీరిరో విచారించి నివేదించుటకు 2004లో స్వతంత్ర సంఘము నొకదానిని నెలకొల్పిరి. 2007 మే నెలలో చిరకాల వైరులు ఒక్క మంత్రివర్గమున చేరిరి.

అచ్చటివారు ఓట్లు కోరువారు, ఇచ్చటివారు ఎన్నికలనే కాదనువారు. పోలిక చెల్లదని కొంద రనవచ్చును. అందు నిజము లేకపోలేదు. విచారణసంఘ ముండినంత మాత్రమున ఇచ్చట శాంతి సిద్ధించెడిదని మేము ప్రమాణము చేయజాలము. కాని తప్పు తేల్చు దారి యున్నచో, ప్రతి తుపాకి చప్పుడును చర్చలకు చావుగంట యయ్యెడిది కాదు.

ఆ చర్చలు విరిగినందుకు అంతఃపురములకు కలిగిన నష్టము స్వల్పము. పగలు ఒకరికి, రాత్రి ఒకరికి జవాబు చెప్పుకొనవలసిన పల్లెవాసులదే నిజమైన నష్టము. ఇకముందు సంధికి కూర్చుండు పెద్దలు, తగవు మరల వచ్చునని ముందే యెరిగి, దానిని వినువా రెవరో మొదటి దినముననే వ్రాసికొందురు గాక.